ఖాళీ రోడ్డు మీద ఒక్కరే బండి నడపడం ఎట్ల: పాలమూరు, నల్లగొండ దిక్కు వాళ్ల కోసం

"ఒక్కరే పోతే భయం కాదా, బోర్ కొట్టదా, ఏ రోడ్డుకు పోవాలె, నడుమ బండి ఆగిపోతే ఎట్ల" అని అందరూ ఇవే నాలుగు ముచ్చట్లు అడుగుతున్నరు. ఒక్కొక్కరికి విడిగ జవాబిస్తుంటే ఎవ్వరికీ పూర్తిగ చెప్పినట్టు అయితలేదు, అందుకే అంతా ఒక్కదగ్గర రాస్తున్న. చాలామంది ఎడారి రోడ్ల వీడియోలు చూసి అడుగుతున్నరు, అటు ఇసుక ఇటు ఇసుక, నడుమల నల్లటి తారురోడ్డు, దాని మీద ఒక్కటే బండి. దానికోసం రాజస్థాన్‌ల జైసల్మేర్ దాకా పోవాల్నా అని. పోవచ్చు, ఆ సంగతి చివర్ల చెప్త. కానీ మొదట మన దగ్గరే అలవాటు చేస్కోండి. ఇంటికి గంట దూరంల టైర్ పగిలితే మేనబావ బైకేసుకొని వస్తడు, పాకిస్తాన్ బార్డర్ దగ్గర పగిలితే ఎవరొస్తరు?

మన దిక్కు ఎడారి లేదు గానీ ఖాళీ రోడ్లకు కరువు లేదు. ఎండాకాలం పొద్దుగాల దేవరకొండ దాటినంక చూడండి, కోతలైపోయిన చేన్లు, బండరాళ్ల గుట్టలు, ఆడోటి ఈడోటి తాటిచెట్టు, ఎంతదూరం పోయినా ఎదురుంగ ఒక్క బండి రాదు. అయితే రోడ్డు ఖాళీగ ఉన్నంత మాత్రాన మనసు ఖాళీ కాదు. పెట్రోల్ సరిపోతదా, స్టెప్నీల గాలుందా, ఇంట్ల చెప్పకుంట వచ్చిన గదా అని లోపల ఒకటే గునుస్తుంటే ఆ నిశ్శబ్దం మీకు అందదు. అందుకే కింద రాసిన దాంట్ల సగం పని బయల్దేరక ముందటిదే, దాన్ని వదిలేసి ఆఖరి స్టెప్పులు మాత్రమే చదవకండి.

ఏమేం కావాలె

బండి మీద చెయ్యి తిరిగి ఉండాలె, కనీసం ఒక ఏడాది సొంతంగ నడిపి ఉండాలె. లైసెన్సు కొత్తగ వచ్చినోళ్లు ఇంకొన్నాళ్లు పక్కన మనిషిని కూసోబెట్టుకొనే నడపండి.

తాగే నీళ్లు 5 లీటర్లు, ఎండాకాలం అయితే ఇంకో 5 లీటర్ల డబ్బా డిక్కీల పెట్టండి. రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. తినడానికి జొన్నరొట్టె, పల్లీపట్టీ, అరటిపండ్లు అట్లాంటివి. బిర్యానీ వద్దు, తిన్న గంటకు రెప్పలు వాలతయ్.

జాకీ, వీల్ పానా, గాలి నింపిన స్టెప్నీ. పన్నెండు వోల్టుల చిన్న గాలి పంపు దొరుకుతది, కొనుక్కుంటే చాలా పనికొస్తది. టార్చిలైటు, రిఫ్లెక్టర్ ముక్కోణం బోర్డు, ఒక పాత దుప్పటి. దుప్పటి ఎందుకంటే టైర్ మార్చేటప్పుడు మే నెల ఎండల కాలే తారు మీద మోకాళ్లు ఆనించలేరు.

ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, డిజీలాకర్ల ఉన్నా చెల్లుతయ్. కానీ సిగ్నల్ లేని దగ్గర యాప్ తెరుచుకోకపోవచ్చు, ఒక జిరాక్స్ సెట్టు బండిల పడేసి ఉంచండి. ఐదు వందల దాకా చిల్లర నోట్లు కూడా, ఫోన్ పే అన్ని చోట్ల నడవదు.

ఏ రోడ్డు పట్టుకోవాలె

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడనే. రోడ్డు మంచిగుందని 44 నంబర్ హైవే ఎక్కి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదికెళ్లి కర్నూల్ దిక్కు పోతరు. అది పని మీద పోయే రోడ్డు, లారీలు, ట్రావెల్స్ బస్సులు రాత్రీ పగలూ ఆగవు. విజయవాడ పోయే 65 నంబర్ హైవే కూడా అంతే, చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఎవడో ఒకడు మీ ఎనక లైట్లు కొడుతనే ఉంటడు. ఖాళీ కావాలంటే పెద్ద హైవే దిగాల్సిందే.

మొదటిసారికి జడ్చర్ల, మిడ్జిల్, కల్వకుర్తి రోడ్డు మంచిది. దాదాపు 45 కిలోమీటర్లు, నడుమ ఊర్లున్నయ్, పంపులున్నయ్, పెద్దగ ఇబ్బంది పడరు. పూర్తి నిశ్శబ్దం దొరకదు కానీ ఒంటరిగ నడపడం అలవాటైతది. ఆదివారం పొద్దుగాల పోతే ఇంకా నయం.

అది అలవాటైనంక డిండి, దేవరకొండ నడుమ రోడ్డు. డిండి రిజర్వాయర్ కట్ట దగ్గర ఆగితే నీళ్ల గాలి తగులుతది, దేవరకొండకు వచ్చేసరికి రేచర్ల వెలమ రాజుల కోట గుట్టలు దూరంకెళ్లే కనిపిస్తయ్. దేవరకొండ నుంచి చందంపేట, నేరేడుగొమ్ము దిక్కు తిరిగితే మనుషులు ఇంకా తగ్గుతరు, కృష్ణ బ్యాక్‌వాటర్ ఎదురొస్తది. కాకపోతే ఆదివారం వైజాగ్ కాలనీ దాకా పోకండి, అక్కడ చేపల కోసం హైదరాబాద్ నుంచి కార్లు బారులు కడతయ్.

ఎడారి వీడియోల్ల కనిపించే ఆ చదును, ఆ దూరం కావాలంటే నడిగడ్డకు పోండి, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల దిక్కు. గద్వాల నుంచి అయిజ పోయే రోడ్డు మీద గుట్టలు అడ్డం రావు, పత్తి చేన్ల మీదికెళ్లి చూపు ఎటు పోతే అటు పోతది. నాకైతే మన జిల్లాలల్ల ఎడారికి దగ్గరి సుట్టం లెక్క అనిపించేది ఇదే.

శ్రీశైలం రోడ్డు గురించి మస్తుమంది అడుగుతున్నరు, అందుకే దాన్ని విడిగ చెప్త. మన్ననూర్ చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అది అమ్రాబాద్ టైగర్ రిజర్వు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూస్తరు, ఏ బండిని పోనియ్యరు. లోపల అడవిల బండి ఆపి దిగడం, హారన్ కొట్టడం, కోతులకు తిండి వెయ్యడం, ప్లాస్టిక్ పారెయ్యడం, ఇవేవీ చెయ్యొద్దు. కాబట్టి ఆగి నిశ్శబ్దం వినడానికి అది చోటు కాదు, మెల్లగ నడుపుకుంట పోవడానికి మాత్రం చాలా బాగుంటది. ఫిబ్రవరి, మార్చిల మోదుగు పూసినప్పుడు ఆ దారి చూసి తీరాలె. అడవిల చాలా దూరం సిగ్నల్ ఉండదు, చెక్‌పోస్టు రాకముందే ఇంటికి ఫోన్ చెయ్యండి.

రోడ్డు ఎట్లాంటిదో తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది, కిలోమీటర్ రాయి తలకాయ రంగు చూడండి. పసుపు ఉంటే నేషనల్ హైవే, ఆకుపచ్చ ఉంటే స్టేట్ హైవే, నారింజ ఉంటే పల్లె రోడ్డు. ఆకుపచ్చ రాళ్ల రోడ్డు మన పనికి అన్నిట్ల బాగ కుదురుతది. నారింజ రాళ్ల రోడ్డు ఇంకా ఖాళీగుంటది కానీ ఎదురుంగ ట్రాక్టర్ వస్తే ఇద్దర్ల ఒకరు మట్టిలకు దిగాల్సిందే.

ఎట్ల చెయ్యాలె

1. ముందురోజు బండి చూస్కోండి. పొద్దున బయల్దేరే ముందు చూస్త అంటే చూడరు. టైర్ గాలి బండి చల్లగ ఉన్నప్పుడే కొలవాలె, ఎంతుండాలె అనేది డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్‌ల ఉంటది. ఎండాకాలం టైర్ పేలుతదని కావాలని గాలి తగ్గించి పోయేటోళ్లు ఉన్నరు, అది పూర్తిగ ఉల్టా పని. గాలి తక్కువుంటే టైర్ పక్కలు ఎక్కువ మడుస్తయ్, దాంతోనే వేడెక్కి పగులుతది. నడిచినంక నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలే, వేడి మీద గాలి తియ్యకండి. టైర్ వయసు కూడా చూడండి, పక్కన నాలుగు అంకెలుంటయ్, 3522 అని ఉంటే 2022ల 35వ వారం తయారైంది అని. ఐదారేండ్లు దాటితే అరుగుదల లేకున్నా ఒకసారి టైర్ షాపాయనకు చూపియ్యండి. స్టెప్నీ గాలి మర్చిపోకండి, దాన్ని ఎవ్వరూ చూడరు.

కూలెంటు, ఇంజన్ ఆయిల్, వైపర్ నీళ్లు కూడా అప్పుడే. రేడియేటర్ మూత వేడి మీద ఎప్పుడూ తియ్యొద్దు, మరిగిన నీళ్లు మొఖం మీదికి చిమ్ముతయ్.

2. ఇంట్ల ఒక్కరికి చెప్పండి. "అట్ల తిరిగొస్త" అంటే చెప్పినట్టు కాదు. ఏ రోడ్డు, ఏ ఊరు మీదికెళ్లి, ఎన్ని గంటలకు మళ్లీ ఫోన్ చేస్తరు, చెయ్యకపోతే వాళ్లు ఎంతసేపు ఆగి ఎవరికి చెప్పాలె, ఇంత వివరంగ చెప్పాలె. రాసి వాట్సాప్‌ల పెడితే ఇంకా మంచిది. లైవ్ లొకేషన్ పెట్టండి కానీ దాని మీదనే ఆధారపడకండి, సిగ్నల్ పోతే అది పాత జాగనే చూపిస్తది, ఇంట్లోళ్లు గాబరా పడతరు. ఈ సంగతి వాళ్లకు ముందే చెప్పండి.

ఆడవాళ్లకు: పగటి పూటనే పోండి, ఆగాల్సినప్పుడు ఊరి నడుమ పంపుల దగ్గర ఆగండి. తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ అని ప్రయాణంల ఆడవాళ్లను కనిపెట్టి ఉండే సర్వీసు ఉంది, 2024ల మొదలైంది, బయల్దేరేటప్పుడు ఆన్ చేస్తే ప్రయాణం అయిపోయేదాకా వాళ్లు కనిపెట్టి ఉంటరు. ఒంటరిగ పోవద్దని మీకు చెప్పేటోళ్లు ఎట్లాగూ ఉంటరు, నేను చెప్పను.

3. మ్యాపు డౌన్‌లోడ్ చేస్కొని ఫోన్ మూసెయ్యండి. గూగుల్ మ్యాపుల ఆ ఏరియా మొత్తం ముందే ఆఫ్‌లైన్ చేస్కోవచ్చు. నంబర్లు గుర్తుంచుకోండి, ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, నేషనల్ హైవే మీద 1033. మీ కంపెనీ సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలుస్తది, ఏ టవరూ అందకపోతే అదీ కలవదు. అన్నీ అయినంక ఫోన్‌ని సైలెంట్ చేసి డ్యాష్‌బోర్డ్ డబ్బాల పెట్టి మూత వెయ్యండి. ముంగట స్టాండుల పెట్టుకుంటే కండ్లు దాని మీదికే పోతయ్. 60 స్పీడ్ల బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతది, మెసేజ్ ఎవరిదో చూసేలోపు ఒక గొర్రెల మంద దాటే దూరం అయిపోతది.

4. సూర్యుణ్ని చూసి దిక్కు పెట్టుకోండి. ఇది ఎవ్వరూ చెప్పరు. పొద్దుగాల జడ్చర్ల నుంచి కల్వకుర్తి పోతే తూర్పుకు పోతున్నట్టు, ఎండ నేరుగ కండ్లల్ల కొడతది, ఎదురుంగ వచ్చే సైకిల్ కూడా కనపడదు. అదే కల్వకుర్తిల మొదలుపెట్టి జడ్చర్ల దిక్కు పోతే ఎండ ఎనకనుంచి పడి గుట్టలు, చేన్లు అన్నీ బంగారం రంగుల కనిపిస్తయ్. సాయంత్రం దీనికి ఉల్టా. రోడ్డు ఎట్ల తిరిగిందో చూసుకొని టైమ్ పెట్టుకోండి.

టైమ్ విషయానికొస్తే తెల్లారంగనే బాగుంటది, చీకట్ల మాత్రం కాదు. వెలుతురు వచ్చి రోడ్డు అంచు మంచిగ కనిపించినంకనే కదలండి. పగలు రెండు నుంచి నాలుగు నడుమ నిద్ర తన్నుకొస్తది, ఆ టైమ్ల రోడ్డు మీద ఉండకుంట ప్లాన్ చేస్కోండి.

5. మొదటి అరగంట పాటలు పెట్టుకోండి, తర్వాత బంద్ చెయ్యండి. మొదటినుంచే నిశ్శబ్దంగ పోవాలని చూస్తే తల్ల ఆఫీసు, అప్పులు, ఇంటి లొల్లి అన్నీ ఒక్కసారి లేస్తయ్. పాట అయిపోయినంక ఇంకోటి పెట్టకండి, అంతే. ఏసీ ఆపి అద్దాలు దించి 50 దగ్గర నడపండి. టైర్ తారు మీద రుద్దుకునే శబ్దం వినిపిస్తది, కొత్త తారు మీద ఒక తీరు, పాత గరుకు రోడ్డు మీద ఒక తీరు. 80 మీద అద్దాలు దించితే గాలి చెవుల్ల కొట్టుకొని తలనొప్పి వస్తది తప్ప ఏం వినపడదు. ఎండ ముదిరితే అద్దాలు ఎక్కించి ఏసీ పెట్టుకోండి, వడదెబ్బ తగిలించుకొని సాధించేది ఏం లేదు.

తల్లకు వచ్చే ఆలోచనలను ఆపాలని చూడకండి. రానియ్యండి. చాలామందికి ఒక ముప్పావు గంట దాటినంక అవే పల్చబడతయ్, అప్పుడు రోడ్డు పక్క ఏం ఉందో కండ్లకు కనపడుడు మొదలైతది.

6. రోడ్డు ఖాళీ అని నమ్మకండి. మన రోడ్ల మీద బండ్లు లేకున్నా వేరేవన్నీ ఉంటయ్. ప్రతి ఊరి మొదట్ల, చివర్ల స్పీడ్ బ్రేకర్ ఉంటది, సగం వాటికి తెల్ల గీతలు ఉండవు, ఊరు కనపడంగనే స్పీడ్ తగ్గియ్యండి. పత్తి ఏరే రోజుల్ల ట్రాక్టర్ ట్రాలీలు రోడ్డు సగం ఆక్రమించి వస్తయ్, ఎనక లైటు ఉండదు.

కోతల కాలంల, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మళ్లీ ఏప్రిల్ మే నెలల్ల, వడ్లు రోడ్డు మీదనే ఆరబోస్తరు. నల్లగొండ దిక్కు అయితే మరీ ఎక్కువ. ఒక పక్క రోడ్డంతా పోసి, ఎవరి టైర్లూ ఎక్కకుంట చుట్టూ పిడికిలంత నుంచి తలకాయంత దాకా రాళ్లు పేరుస్తరు. పగలు కనిపిస్తయ్. పొద్దుగూకినంక నల్ల టార్పాలిన్ కప్పితే అది కూడా రోడ్డు లెక్కనే ఉంటది. వడ్లు ఎత్తుకపోయినంక కూడా రాళ్లు కొన్ని అక్కడనే ఉండిపోతయ్. ఈ రెండు కాలాల్ల చీకటి పడకముందే ఇల్లు చేరండి, ఇంకో మాట లేదు. రైతు మీద కోపం తెచ్చుకోకండి, కల్లంల జాగ లేకనే రోడ్డుకు వస్తరు.

7. గొర్ల మంద ఎదురొస్తే హారన్ కొట్టకండి. పక్కకు తీసి పూర్తిగ ఆపి ఇంజన్ బంద్ చెయ్యండి. హారన్ కొడితే ముందటివి ఎనకకు తిరుగుతయ్, ఎనకవి ముందుకు తోస్తయ్, గొల్లాయనకు ఇంకింత కష్టం. ఆగితే అవే బండికి రెండు పక్కలకెళ్లి పారిపోతయ్, డోర్లకు ఉన్ని రాసుకుంట. ఆయన పలకరిస్తే పలకండి. "ఏడికి పోతున్నరు బిడ్డా, ఒక్కరే ఉన్నరు?" అని అడుగుతరు, దాంట్ల అనుమానం ఉండదు, పలకరింపు అంతే. "ఊకనే తిరగనీకి వచ్చిన పెద్దయ్యా" అంటే చాలు, చాలాసార్లు ముందట రోడ్డు ఎట్లుందో, వాగు మీద నీళ్లున్నయో లేవో వాళ్లే చెప్తరు. ఏ యాప్ కన్నా వాళ్ల మాట నమ్మొచ్చు.

8. ఆగండి. చాలామంది ఒంటరిగ 200 కిలోమీటర్లు నడిపి ఒక్కసారి కూడా ఆగకుంట తిరిగొస్తరు, ఏం అనిపియ్యలేదు అంటరు. నిశ్శబ్దం వినాలంటే ఇంజన్ ఆగాలె గదా.

మూలమలుపు మీద, వంతెన మీద ఆపొద్దు. రెండు పక్కల దూరంగ కనపడే చోట, తారు దిగి గట్టి నేల మీద ఆపండి. ఎండాకాలం ఎండుగడ్డి మీద మాత్రం బండి పెట్టకండి, కింద సైలెన్సర్ కాలుతుంటది, గడ్డికి మంట అంటుకుంటది, బండి పోతది, పక్క చేను కూడా పోతది. తాటిచెట్టు నీడల ఆపితే పైన మట్టలు, కాయలు చూస్కోండి.

ఇంజన్ ఆపి అద్దాలు దించి ఊకె కూసోండి. మొదట చెవుల్ల ఇంకా హోరు ఉంటది. తర్వాత బానెట్ కింద ఇనుము చల్లారుకుంట టిక్కు, టిక్కు అంటది, మొదట గబగబ, పోను పోను ఆగి ఆగి. అది దాదాపు ఆగిపోయినంక వేరేవి వినపడతయ్, ఎక్కడో బోరు మోటరు, తాటిమట్టల గలగల, కంపచెట్టు సందుల కౌజు పిట్ట. కరెంటు తీగ మీద పాలపిట్ట కూసోని ఉంటే కదలకండి, అది ఎగిరినప్పుడు రెక్కల నీలం చూడాలె. కనీసం పదిహేను నిమిషాలు ఉండండి. ఫొటోలు తియ్యాలనిపిస్తే చివర్ల తీస్కోండి, మొదట్ల కాదు.

బండి దిగి రాయి మీద కూసునే ముందు రాయి కింద చూడండి, తేళ్లుంటయ్. తోట కనపడంగనే లోపలికి పోకండి, ఎవరిదో ఒకరిది. సీతాఫలాల కాలంల రోడ్డు పక్కన ఆడవాళ్లు గంపలు పెట్టుకొని కూసుంటరు, బేరమాడకుంట కొనండి, పొద్దుగాల గుట్టలెక్కి తెంపుకొచ్చిన పండ్లవి. కల్లు దగ్గర మాత్రం ఆగకండి, ఆ రోజు బండి మీ చేతుల్ల ఉంది.

9. మబ్బు, గాలి, వాగు. ఏప్రిల్ మే నెలల్ల సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తది, ఎదుట ఏం కనపడదు. చెట్లకు, కరెంటు స్తంభాలకు దూరంగ రోడ్డు దిగి ఆపి, లైట్లు వేసి, తగ్గేదాకా ఆగండి. వానకాలం డిండి వాగు, దుందుభి దిక్కు లోతట్టు కల్వర్టుల మీద నీళ్లు పారుతుంటే మోకాలి లోతే అనిపించినా దాటకండి. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకపోయిందో పైకెళ్లి తెల్వదు. తిరిగి పోండి, ఇంకోరోజు రండి.

10. బండి వేడెక్కితే. మీటర్ల ముల్లు పైకి పోతుంటే మొదట ఏసీ ఆపండి. ఇంకా పెరుగుతుంటే హీటర్ ఫుల్ పెట్టండి, ఎండల హీటర్ ఏంది అనుకోకండి, ఇంజన్ వేడిని అది బయటికి లాగుతది. నీడ దొరకంగనే ఆపి ఇంజన్ బంద్ చేసి అరగంట పైన ఆగి, రేడియేటర్ పూర్తిగ చల్లారినంకనే నీళ్లు పొయ్యండి. ఆ రెండో నీళ్ల డబ్బా అందుకే.

సరిగ్గ జరుగుతుందా లేదా, ఎట్ల తెలుస్తది

వంకర లేని సీదా రోడ్డు మీద చాలాసేపు పోతే కండ్లు తెరిచే ఉంటయ్ కానీ మనిషి లోపల ఉండడు. దీన్ని చాలామంది ప్రశాంతత అనుకుంటరు, అది చాలా ప్రమాదం. ప్రతి అరగంటకు మిమ్మల్ని మీరే అడుగండి: ఎనక పోయిన ఊరు పేరేంది? చివరి కిలోమీటర్ రాయి మీద ఎంతుండె? రోడ్డు పక్క చేన్ల ఏం పంట ఉంది? మూడిట్ల రెండింటికి జవాబు రాకపోతే మీరు నిద్రకు దగ్గరున్నట్టు. చూస్కోకుంటనే స్పీడ్ పెరుగుడు తగ్గుడు, తెల్ల గీత మీదికి టైర్ పోవుడు, ఆవులింతలు, ఇవి కూడా అదే లెక్క. అద్దాలు దించుడు, మొఖం కడుక్కునుడు కొన్ని నిమిషాలకే పనిచేస్తయ్. ఆపి సీటు ఎనకకు వాల్చి ఇరవై నిమిషాలు పడుకోండి. చాయ్ తాగాలంటే పడుకునే ముందు తాగండి, లేచేసరికి అది పనిచేసుడు మొదలైతది.

మంచిగ జరుగుతుంటే దీనికి ఉల్టా ఉంటది. చిన్న చిన్నవి కనపడతయ్, ఎంత దూరంల బండి వస్తుందో ముందే తెలుస్తది, చేతులు స్టీరింగ్ మీద బిగుసుకోవు, భుజాలు దిగి ఉంటయ్. ఇంటికొచ్చినంక ఆ రోడ్డు మీద చూసినవి ఒక అయిదారు వివరంగ చెప్పగలిగితే పని అయినట్టు.

మొదటిసారి ఏం అనిపియ్యకపోతే బాధ పడకండి, మళ్లీ అదే రోడ్డుకు పోండి, కొత్త రోడ్డు వద్దు. తెలిసిన రోడ్డు మీద దారి వెతుకులాట ఉండదు కాబట్టి మనసు తొందరగ కుదుటపడతది. ఒక్కరే ఉంటే గుండె దడ, ఏడుపు ఆగకుంట వస్తుంటే మాత్రం ఆపి ఎవరికైనా దగ్గరోళ్లకు ఫోన్ చెయ్యండి. ఇంట్ల చావో, పెద్ద గొడవో అయిన మరునాడు ఒంటరిగ బండి తియ్యకండి, ఓ వారం ఆగండి.

బైకు, కరెంటు బండి, బండి లేనోళ్లు

బైకు మీద అయితే దూరం సగం చేస్కోండి, హెల్మెట్‌తోని పాటు చెవుల్ల దూది పెట్టుకుంటే గాలి హోరు తగ్గుతది, హారన్ మాత్రం వినపడతది. ట్యూబ్ టైర్ అయితే పంక్చర్ షాపులు ఏ ఊర్ల ఉన్నయో ముందే చూస్కోండి. కరెంటు కారు అయితే మీటర్ చూపించే దూరంల మూడో వంతు దాకా పోయి తిరిగిరండి, ఏసీ, ఎండ కలిసి లెక్క మారుస్తయ్. బండే లేదంటే పొద్దుగాల పల్లెవెలుగు బస్సెక్కి కిటికీ సీటు పట్టుకోండి, దేవరకొండ నుంచి డిండి దిక్కు. నడిపిన అనుభవం వేరే కానీ చూపుకు దొరికేది దాదాపు అదే.

నిజం ఎడారికి పోయేటోళ్లకు

మన దగ్గర కొన్నిసార్లు తిరిగి, టైర్ మార్చుడు చేతనైనంకనే పోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల పోండి, డిసెంబర్ జనవరిల రాత్రులు గజగజ వణికిస్తయ్, స్వెటర్లు చాలవు, మంచి జాకెట్ కావాలె. జైసల్మేర్ నుంచి తనోట్ దాదాపు 120 కిలోమీటర్లు, నడుమల రామ్‌గఢ్ వస్తది, అక్కడ ట్యాంకు నింపుకోండి. తనోట్ మాత గుడిని బీఎస్ఎఫ్ వాళ్లు చూస్కుంటరు, 1965 యుద్ధంల పడి పేలని బాంబులు గుడిల పెట్టి ఉంచిండ్రు. గుడి దాటి బార్డర్ దాకా పోవాలంటే పర్మిషన్ కావాలె, సైనికుల ఫొటోలు తియ్యకండి.

ఆ రోడ్డు మీద చూస్కోవాల్సినవి రెండే. గాలికి ఇసుక తారు మీదికి వచ్చి పల్చగ పరుచుకుంటది, దాని మీద గట్టిగ బ్రేకు కొడితే బండి జారుతది, ముందే స్పీడ్ తగ్గించి స్టీరింగ్ నేరుగ పట్టుకొని దాటండి. రెండోది ఒంటెలు. మన బర్రెలు హారన్‌కు కొంచెమన్న కదులుతయ్, ఒంటె రోడ్డు నడుమ నిలబడి చూస్తది. కాళ్లు పొడుగు కాబట్టి గుద్దితే దాని మొండెం నేరుగ ముందటి అద్దం మీద పడతది. అందుకే ఆ దిక్కు చీకట్ల నడపొద్దు. గల్ఫ్‌ల డ్రైవర్ పనికి పోయే మన పిల్లలకు కూడా ఇదే చెప్పండి, అక్కడ బండి కుడిపక్క నడపాలె, ఒంటె భయం అక్కడా అంతే.

గుజరాత్‌ల ఖావ్‌డా నుంచి ధోలావీర పోయే రోడ్డు ఇంకా వేరే, రెండు పక్కల తెల్లటి ఉప్పు, నడుమ రోడ్డు. ధోలావీర హరప్పా కాలం పట్నం, 2021ల యునెస్కో జాబితాల చేరింది, కాబట్టి చివర్ల చూడడానికి ఒక ఊరు కూడా ఉన్నట్టు. కానీ అక్కడ రోడ్డు దిగకండి. పైన ఉప్పు గట్టిగ కనిపిస్తది, కింద బురద, కారు చక్రాలు దిగబడితే లాగనీకి వచ్చిన ట్రాక్టర్ కూడా దిగబడొచ్చు. ఆపాలంటే రోడ్డు వెడల్పుగ ఉన్న చోట అంచుకు ఆపి, ఎనక రిఫ్లెక్టర్ బోర్డు పెట్టి, నడుచుకుంటనే ఉప్పు మీదికి దిగండి. చలువ అద్దాలు తప్పకుంట పెట్టుకోండి, ఆ తెలుపు మీద పడ్డ ఎండకు కండ్లు మండుతయ్.